ఫ్లాస్కు మూత తీయని రోజు

లిఫ్టు మెకానిక్కు మెట్లే గతి. లిఫ్టు బాగున్నంతకాలం అతన్నెవరూ తలుచుకోరు. పిలిచారంటే అది చచ్చి పడుందని అర్థం. మోటారేమో మేడ నెత్తిన, పనిముట్ల సంచేమో అతని భుజాన. ఏళ్ళ తరబడి కూనిరాగాలు తీస్తూ ఎక్కిన మనిషే. ఈమధ్య మాత్రం నాలుగో అంతస్తు దాటేసరికి ఛాతీ మీద ఎవరో మోకాలు పెట్టి నొక్కుతున్నట్టుంటోంది. ఎడమ దవడ కూడా లాగుతోంది.

దానికి విరుగుడు తన దగ్గరే ఉందని అతని ధీమా. తెల్లమద్ది బెరడు కషాయం. భార్య పొద్దున్నే కాచి ఫ్లాస్కులో పోస్తుంది. నొప్పి రాగానే మెట్టు మీద చతికిలబడి ఊదుకుంటూ తాగుతాడు. కప్పు ఖాళీ అయ్యేలోగా ఆ మోకాలు లేచిపోతుంది.

"చూశావా, చేత్తో తీసేసినట్టు పోయింది!" అంటాడు, తనతో పనిచేసే బావమరిదితో.

"పోతే మంచిదే బావా. రోజూ వచ్చి పోవడానికి అదేమన్నా చుట్టమా? ఒకసారి డాక్టరుకి చూపించుకో."

"సాక్ష్యం కళ్ళముందుంటే డాక్టరెందుకురా? కోస్తానంటాడు. అప్పుడు మీ అక్కనెవడు చూస్తాడు, నువ్వా?"

"నీ పెళ్ళయిన దగ్గర్నుంచీ నేనేగా చూస్తోంది!"

పైకి వెటకారమే గానీ లోపల మెకానిక్కు గుబులే. కోస్తే బరువు ఎత్తొద్దంటారు. ఎత్తకపోతే ఈ పనిలో ఉంచుకునేవాడు లేడు. అందుకే కషాయం నిజం కావాలి. కాకపోతే అతని దగ్గర ఇంకే దారీ లేదు.

ఒక ఉదయం భార్య ఫ్లాస్కు పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఇటివ్వవే, ఆలస్యమవుతోంది."

"ఇందులో కషాయం లేదండీ."

"లేకపోతే కాచు."

"వారం నుంచీ లేదు. బెరడు దొరకలేదు. టీపొడి చిక్కగా మరిగించి పోస్తున్నా, పాలూ పంచదారా లేకుండా. మందు లేదంటే ఆ భయానికే ఏమైపోతారోనని చెప్పలేదు. నిన్న మళ్ళీ చేత్తో తీసేసినట్టు పోయిందన్నారు చూడండి... అప్పట్నుంచీ నాకు కాళ్ళూ చేతులూ ఆడట్లేదు."

తిట్టబోయి, ఫ్లాస్కు లాక్కుని వెళ్ళిపోయాడు.

ఆ రోజు పని ఆరంతస్తుల ఆఫీసులో. బావమరిది కింద లిఫ్టు గుంతలోకి దిగాడు, అతను మెట్లెక్కాడు. నాలుగో అంతస్తు మలుపులో నొప్పి రానే వచ్చింది. కూర్చున్నాడు. చెయ్యి దానంతటదే ఫ్లాస్కు మూత మీదికి పోతే వెనక్కి లాక్కున్నాడు. ఈ ఒక్కసారికీ నొప్పి పోకూడదనుకున్నాడు. పోకపోతే తాగినదాంట్లో, కనీసం ఆ టీపొడిలోనైనా, ఏదో గుణముందని సరిపెట్టుకోవచ్చు. ముచ్చెమటలు పోస్తున్నాయి. పిడికిళ్ళు బిగించి చూస్తుండగానే మోకాలు మెల్లగా లేచింది. చుక్క తాగకుండానే.

అంటే ఇన్నాళ్ళూ తాను మందు తీసుకోలేదు. మెట్టు మీద కూర్చున్నాడు, అంతే. లోపల పాడవుతున్నది తనపాటికి తను పాడవుతూనే ఉంది.

"ఒరేయ్! పైకి రా. సంచి నువ్వు పట్టుకో."

బావమరిది పరుగున వచ్చాడు. "ఏమైంది బావా? నొప్పి తగ్గలేదా?"

"తగ్గిందిరా. అందుకే రమ్మన్నా. ఆస్పత్రికి తీసుకెళ్ళు."

డాక్టరమ్మ ఈసీజీ తీయించి, అంతా విన్నది. నవ్వలేదు.

"అంటే ఆ బెరడు ఉత్తిదేనాండీ?"

"ఉత్తిదని కొట్టిపారెయ్యను. దాని మీద చిన్న చిన్న పరీక్షలు జరిగాయి, కొందరికి కాస్త మేలు కనిపించిందన్నారు. కానీ మూసుకుపోతున్న రక్తనాళాన్ని దానికి వదిలెయ్యొచ్చు అనేంత రుజువు లేదు. ఇక మీరు చూసిన రుజువంటారా, అది కూర్చుంటే పోయే నొప్పి. ఏం తాగినా పోతుంది, తాగకపోయినా పోతుంది. కూర్చున్నా పోని రోజు వచ్చేదాకా."

"ఆ రోజు ఎప్పుడొస్తుందండీ?"

ఆవిడ ఈసీజీ కాగితం మళ్ళీ చూసింది. పక్కగదిలో మంచం చూపించారు కదాని అతను లేవబోయాడు.

"ఆగండి! నడవకండి," అంటూ చక్రాల కుర్చీ తెమ్మని కేకేసింది.

నాలుగడుగుల దూరం లేదు ఆ మంచం. మెకానిక్ బావమరిది వైపు చూశాడు, ఏదో ఒక వెటకారం ఆడతాడని. వాడు గోడవైపు తిరిగి ముక్కు చీదుకుంటున్నాడు.