పక్కింటి హాల్లో అత్తమ్మ సందూక

అత్తమ్మ సందూక, పాత చెక్క పెట్టె, మా కొట్టంలో దాణా బస్తాల కింద పడి ఉండేది. ఒకరోజు అది పక్కింటి హాల్లో కనిపించింది. నూనె పెట్టి రుద్దినట్టున్నారు, టేకు చెక్క తేనె రంగు తేలింది. ఇత్తడి గొళ్లెం మెరుస్తోంది. పైన రాగి చెంబులో ఎర్రటి జర్బెరా పూలు. ఆ పూలు కూడా మా చేనివే.

"అవ్వ ఇచ్చారండీ. ఎంత బావుందో చూశారా?" అంది పక్కింటామె. అత్తమ్మను ఆమె అవ్వ అనే పిలుస్తుంది.

బావుంది. అదే నాకు కష్టంగా అనిపించింది.

మాది ఎంకపల్లి. పాలీహౌసులో జర్బెరా, బయట చామంతి వేస్తాం. తెల్లవారకముందే కోసి, కట్టలు కట్టి, ఆటోలో పట్నం పంపేస్తాం. ఎవరెవరి పెళ్లి మండపాలకో పోతాయవి. మా ఇంట్లోకి మాత్రం ఒక్క పువ్వూ రాదు. కాడ విరిగినవి ఉంటే బర్రెల ముందు వేస్తాం. కోడలిగా వచ్చిననాటి నుంచీ ఇదే చూస్తున్నాను కాబట్టి పక్కింటామె వచ్చేదాకా నాకు ఏ లోటూ తెలియలేదు.

ఆమెది కోస్తా వైపు. మొగుడూ పెళ్లాలిద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. మా చేను పక్కన ప్లాటు కొని ఇల్లు కట్టుకున్నారు. ఇంటినిండా పాత వస్తువులే. ఎవరింటివో తలుపు రెక్కలు గోడకు తగిలించింది. కందిలి లాంతరులో బల్బు పెట్టింది. పాతిల్లు పడగొట్టి స్లాబు వేసుకున్నప్పుడు మేం అడ్డమని తీసి పారేసినటువంటివన్నీ ఆమె ఇంట్లో చుట్టాల్లా దర్జాగా కూర్చున్నాయి. వాటి మధ్య ప్రతి గదిలోనూ పూలు.

అంతవరకైతే ఓర్చుకునేదాన్నేమో. అత్తమ్మ కూడా అటే పోయింది. మా ఇంట్లో ఆమెది ముక్తసరి మాట. "బోరు బంద్ చేసినవా?" "నా బీపీ గోలీలేవి?" అంతే. అలాంటి మనిషి మధ్యాహ్నం తినగానే కొంగు సర్దుకుని పక్కింటికి బయల్దేరేది. నేను పాలీహౌసులో ఉంటే ఆమె నవ్వు వినిపించేది. ఇన్నేళ్లలో ఆ నవ్వు మా ఇంట్లో వినలేదు నేను. కత్తెర ఒక్కోసారి కాడకు బదులు మొగ్గ మీద పడేది.

నేనూ ఊరుకోలేదు. చేవెళ్ల పోయినప్పుడు ఒక గాజు జాడీ కొన్నాను. మంచి పూలు ఏరి అందులో పెట్టి హాల్లో టీవీ పక్కన ఉంచాను. మా ఆయన చూసి, "ఏంది, ఎవరన్న చుట్టాలొస్తున్నరా?" అన్నాడు. అత్తమ్మ జాడీని జర పక్కకు జరిపి, ఆ జాగాలో తన గోలీల డబ్బా పెట్టుకుంది. మర్నాడు చూస్తే పూల కాడలన్నీ వంగిపోయి ఉన్నాయి. నీళ్లు పోయడం మరిచాను.

ఒక ఆదివారం పక్కింట్లో విందు. ఆమె ఆఫీసు స్నేహితులు వచ్చారు. అత్తమ్మను ప్రత్యేకంగా పిలిచింది. నన్ను పూలు తెమ్మంది. నేను తీసుకెళ్లిన బకెట్ పట్టుకునే గుమ్మం దగ్గర నిలబడ్డాను. వచ్చినవాళ్లంతా సందూక చుట్టూ చేరారు. అత్తమ్మ దాని పక్కన కుర్చీలో కూర్చుని చెబుతోంది.

"నా పెండ్లికి మా బాపు చేపిచ్చిండు. చీరలు పెట్టుకోమంటే, నేను పొల్లగాన్ని పండబెట్టిన. నాట్లు ఏసేటప్పుడు గట్టు మీదికి మోపిచ్చి, మూత తీసి, పాత చీరలు మెత్తగ ఏసి, అండ్ల పండబెడుదు. పాములు, తేళ్ల ఫికర్ లేకుండె. వాడు అండ్లనే పెరిగిండు."

అందరూ "అబ్బా" అన్నారు. ఒకావిడ కళ్లు తుడుచుకుంది. ఆ పొల్లగాడు నా మొగుడు. ఆయన పసితనం ఆ పెట్టెలో గడిచిందని, ఊరూ పేరూ తెలియని పదిమందితో పాటు నాకూ అప్పుడే తెలిసింది.

ఇంటికి వస్తూ దారిలో అడిగేశాను. "గా ముచ్చట నాకెందుకు చెప్పలే అత్తమ్మా?"

ఆమె ఆగింది. "నీకు తీరికేడిది బిడ్డా? పొద్దుగాల లేస్తే పూలు, తర్వాత వంట, మల్ల పూలు. నీ ముందర కూసోని ముచ్చట పెడితే నీ పని చెడగొట్టినట్టుంటది."

"సందూకన్న నాకియ్యకపోతివి."

"నువ్వు దాని మీద దాణా బస్తాలేస్తివి. నీకు అక్కర లేదనుకున్న."

బస్తాలు వేసింది నేనే, నిజమే. అయినా మూడో రోజు నేనే పక్కింటికి పోయాను. తిన్నగా అడిగాను. "అక్కా, సందూక మాకు వాపస్ ఇస్తరా? మా ఆయన పండిన పెట్టె అది."

ఆమె ముఖం తెల్లబోయింది. తప్పకుండా తీసుకెళ్లండి అంటుందనుకున్నాను.

"ఇవ్వాలేమోనండీ. కానీ ఇవ్వలేను," అంది. "ఈ ఇంట్లో అన్నీ నేను డబ్బిచ్చి తెచ్చుకున్నవే. ఎవరి తలుపులో, ఎవరి చెంబులో నాకే తెలీదు. ఒక మనిషి పిలిచి నా చేతిలో పెట్టింది ఇదొక్కటే. కోపం తెచ్చుకోకండి."

కోపం వచ్చింది. అయినా ఆమె అబద్ధం చెప్పలేదు కదా, ఏదో వంక పెట్టి తప్పించుకోలేదు కదా అనిపించి, ఇంకేమీ అనకుండా వచ్చేశాను.

ఆ మర్నాడు పొద్దున పూల కట్టలు కట్టే షెడ్డులో ఒక కుర్చీ వేశాను. "అత్తమ్మా, నా చేతులకే పని. చెవులు ఖాళీనే ఉన్నయి. జర కూసో," అన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి కూర్చుంది. మొదటి రోజు నేను కట్టిన కట్టలకు వంకలు పెట్టింది. తర్వాత మెల్లగా ముచ్చట్లు మొదలయ్యాయి. మా మామ తొలిసారి చామంతి నారు తెచ్చి పెడితే కలుపనుకుని తానే పీకేసిన సంగతి అత్తమ్మ చెప్పినప్పుడు ఇద్దరం రబ్బరు బ్యాండ్లు వదిలేసి నవ్వాం.

సరిగ్గా అప్పుడే పక్కింటామె పూల కోసం వచ్చింది. "ఏంటండీ, అంత నవ్వుతున్నారు?" అంది.

"చామంతి నారు ముచ్చట," అన్నాను.

"అవ్వా, అది నాకు చెప్పలేదే!"

ఆమె పైకి నవ్వుతూనే అంది. కానీ కళ్లు అత్తమ్మ కుర్చీ దగ్గరే ఆగిపోయాయి. ఆ చూపు నాకు బాగా తెలిసినదే కాబట్టి వెంటనే పట్టేశాను. జాలి పడాల్సింది. పడలేదు. మంచి విప్పారిన పూలు ఏరి కట్ట కట్టి ఆమె చేతికిచ్చాను. అత్తమ్మ ఆమె కోసం ఆ ముచ్చట మళ్లీ మొదలుపెట్టబోతుంటే, "తర్వాత చెప్పుదువు తియ్యి," అన్నాను.