గడ్డికి తడి పెట్టిన మనిషి

మా మావయ్యగారు పోయారు. రోహిణి కార్తె ఎండల్లో, గుంటూరు ఆసుపత్రిలో, తెల్లవారుతుండగా. మా ఆయన ఫోన్ చేసేసరికి నా చేతిలో ఖాళీ బకెట్ ఉంది, బోరు గాలి కొడుతోంది. "నాన్న లేరు" అన్నారు. నాకు ఏడుపు కంటే ముందు భయం వచ్చింది, ఈ గడ్డిని ఇక నేనెలా బతికించాలి అని. మామగారు పోతే గడ్డి కోసం గుండె బాదుకునే కోడలు కూడా ఉంటుందా అని మీరనుకోవచ్చు. ఉంటుంది. చెబుతాను వినండి.

మాది వినుకొండ వైపు పల్లె. మావయ్య బతుకంతా మిరప వేశారు. వరసగా తామరపురుగు తోటల్ని తినేశాక ఆయన మిరపకు ఓ దణ్ణం పెట్టి, కడియం నర్సరీలకు వెళ్ళి ఊదారంగు గడ్డి తెచ్చారు. మీరు చూసే ఉంటారు. హైవే డివైడర్ల మధ్య, ఫంక్షన్ హాళ్ళ గేట్ల దగ్గర, నక్కతోకల్లాంటి కంకులతో గాలికి ఊగుతుంటుందే, అదే. పెంచి నర్సరీలకు అమ్ముతానన్నారు. ఊరంతా నవ్వింది. "మా అన్నయ్య బుద్ధి గడ్డి తింది" అని ఆయన చెల్లెలే నడివీధిలో కేకలేసింది. ఆమె నాకు పిన్ని వరస. పక్క వీధిలోనే ఉంటుంది, నోరు కాస్త పెద్దది.

మొదటి ఏడాది కథ చెబితే మీరూ నవ్వుతారు. మడిలో కలుపు తీయమని ఎప్పుడూ వచ్చే ఆడకూలీలనే పిలిచారు. ఆయన అన్నం తిని వచ్చేసరికి మడి నున్నగా ఉంది. గడ్డంతా పీకి గట్టు మీద కుప్ప పోశారు. వాళ్ళ చేతులకు గడ్డంటే పీకేదే కదా మరి! నేను నోరెత్తబోతే మావయ్య ఆపారు. "వాళ్ళననకు అమ్మాయ్. గడ్డి కనపడితే పీకండని ఇన్నేళ్ళూ అరిచింది నేనేగా" అన్నారు. అందరూ కలిసి పొద్దుగూకేలోపు మళ్ళీ నాటారు. ఆయన వెనకే చెంబుతో తడి పెడుతూ పోయారు. సగం బతికింది.

ఆయనకు నీళ్ళు పెట్టడం ఒక పిచ్చి. నాటిన కొత్తలో కొంచెం కొంచెంగా, మాటిమాటికీ. వేరు దిగాక పద్ధతి మారేది. అప్పుడిక ఎప్పుడో ఒక తడి, కానీ లోతుగా. "పైపైన తడిపితే వేరు పైపైనే తిరుగుద్ది. కింద కూడా నీళ్ళున్నాయని దానికి తెలియాలి" అనేవారు. పొద్దున్నే పెట్టాలి, మొదలు దగ్గరే పెట్టాలి, ఆకు తడవకూడదు. మృగశిర కురిసిందంటే పైపు చుట్టి అటక మీద పడేసి, పార పట్టుకుని మడిలో నీళ్ళు బయటికి తీసేవారు, దుబ్బు నడుమ కుళ్ళిపోతుందని. చలికాలం మంచుకు గడ్డి గోధుమరంగుకు తిరిగేది. నేను కంగారుపడి ఓ చెంబెడు పోస్తే కసిరేవారు. "నిద్రపోయేవాణ్ణి లేపి అన్నం పెడతావా?"

నేను ఈ ఇంటికి వచ్చిన కొత్తలో నన్ను వంటింట్లోంచి మడి దగ్గరికి పిలిచింది ఆయనే. మట్టిలోకి వేలు గుచ్చి తేమ చూడటం నేర్పారు. నాకొక పని చేతనవునని మొట్టమొదట అన్నదీ ఆయనే. మా పుట్టింట్లో కూడా ఆ మాట ఎవరూ అనలేదు. ఆయన చూపుడువేలి గోరు కింద మట్టి లేకుండా నేనెప్పుడూ చూడలేదు. ఆసుపత్రిలో నర్సు దాన్ని శుభ్రం చేసింది. ఆ తెల్లటి గోరు మీదికి నేను దుప్పటి లాగేశాను.

ఈ మాఘంలో పాత దుబ్బులన్నీ విడదీసి ఇంటి వెనక కొత్త మడి నాటారు. ఈ రకానికి మొలిచే గింజ రాదు. దుబ్బు విడదీసి నాటుకోవడమే దారి. అంటే ఆ మడి పోతే ఆయన ఇన్నేళ్ళు చేసిందంతా పోయినట్టే. వేరు పూర్తిగా దిగకముందే ఆయన మంచాన పడ్డారు. కాలువ ఎండింది, బోరు అడుగంటింది. ఆసుపత్రికి వెళ్ళిన ప్రతిసారీ ఒకటే ప్రశ్న, "తడి పెట్టావా?" అని. "పెట్టాను మావయ్యా" అనేదాన్ని. పెట్టిన మాట నిజమే. బియ్యం కడుగు, కూరగాయలు కడిగిన నీళ్ళు, మేం సబ్బు లేకుండా స్నానం చేసిన నీళ్ళు. అవి ఏ మూలకు? ఆకులు రోజురోజుకీ చుట్టుకుపోతుంటే దేవుణ్ణీ, కాలువనీ, నన్నిలా వదిలేసి పోయిన ఆయన్నీ కలిపి తిట్టాను.

పెద్దకర్మ భోజనాలకు ట్యాంకర్ తెప్పించారు. డ్రమ్ములు నిండాయి. నేను బకెట్ పట్టుకుని వెళ్ళగానే పిన్ని అడ్డం నిలబడింది.

"మనుషులకే లేవు, గడ్డికా? ఊరంతా భోజనానికొస్తుంది. మధ్యలో నీళ్ళయిపోతే మా అన్నయ్య పరువేం కాను?"

"మడి చచ్చిపోతుంది పిన్నీ."

"చస్తే చావనీ. మనిషే పోయాడు."

బకెట్ కింద పెట్టేశాను. కానీ చేతులు కడుక్కునే నీళ్ళకు ఎవరూ అడ్డం రారు కదా. వంటవాళ్ళను బతిమాలి, ఆ డ్రమ్మును షామియానా పక్కనుంచి తీయించి, ఇంటి వెనక మడికి ఎత్తువైపున పెట్టించాను. పారతో పిల్లకాలువ తీశాను. సబ్బునీళ్ళు గడ్డికి పడవని సబ్బు దాచేశాను.

బంతి లేచిన ప్రతిసారీ నేనే చెంబుతో పోశాను. మావయ్యను "ఏం బావా, గడ్డికి కాఫీ కూడా పోస్తావా?" అని ఏడిపించే పక్క పొలం పెద్దాయన వచ్చి చేతులు చాపారు.

"సబ్బేదమ్మా?"

"అయిపోయింది బాబాయ్. ఇంకో చెంబు పోస్తాను, బాగా రుద్దుకోండి."

ఆయన పారే నీళ్ళ వంక చూశారు, మడి వంక చూశారు. మోచేతుల దాకా కడుక్కున్నారు, తర్వాత కాళ్ళు కూడా. ఆయన్ని చూసి వెనకవాళ్ళూ కాళ్ళు చాపారు. నీళ్ళు ఒక్కో వరసా తడుపుకుంటూ పోయాయి. ఆఖరి బంతి లేచేసరికి చివరి వరసకు ఇవతలే ఇంకిపోయాయి.

డ్రమ్ము అడుగున కాసిని నీళ్ళు మిగిలాయి. పిన్ని వచ్చి నా చేతిలోంచి చెంబు లాక్కుంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"నువ్వు తిన్నావా?" అంది.

"ఆకలిగా లేదు."

"అన్నయ్య పోయిన దగ్గర్నుంచీ చూస్తన్నా, సరిగ్గా తింటే ఒట్టు. పో, తినిరా. చెయ్యి కడుక్కోడానికి నీళ్ళు ఉంచుతా. తినని చేతికి మాత్రం చుక్క పొయ్యను."

వెళ్ళి ఆకు ముందు కూర్చున్నాను. ముద్ద ముద్దకీ ఏడుస్తూనే మింగాను. ఆకులో మెతుకు మిగల్చలేదు. వచ్చి పిల్లకాలువ మీద వంగి చేతులు చాపాను. పిన్ని పోసింది. నా చేతులు ఎప్పుడో శుభ్రమయ్యాయి. పిన్ని నా మొహం చూడకుండా, చివరి వరస వైపే చూస్తూ, చెంబు ముంచి పోస్తూనే ఉంది.