ఆదోనిలో మా ఆసుపత్రి జీపుకు కమాన్లు ఎత్తించిన రోజు

నల్లరేగడి దారుల్లో జీపు తోలాలనుకునే వాళ్లు ముందు ఆ నేల సంగతి తెలుసుకోవాలి. వాన వెలిసిన రెండో రోజుకు ఎద్దులబండ్లు తిరిగిన చోట రెండు లోతైన గాడులు పడతాయి. వాటి మధ్య మట్టి గట్టులా మిగిలిపోతుంది. చక్రాలు గాడుల్లోకి దిగగానే జీపు పొట్ట ఆ గట్టు మీద కూర్చుంటుంది. ఇంక ఎంత తోలినా చక్రాలు ఉత్తినే తిరుగుతాయి. ఎనభైల మొదట్లో ఎమ్మిగనూరులో ఒక చిన్న ఆసుపత్రిలో నర్సుగా పనిచేసేటప్పుడు నాకీ సంగతి బాగానే తెలుసు. మాది గోనెగండ్ల దగ్గర పల్లె, అమ్మానాన్నా కూలిపని చేసేవాళ్లు, కాబట్టి ఆ మట్టి నాకు పుట్టినప్పటి నుంచీ పరిచయమే. అయినా ఒక ఆడమనిషి కడుపుకోత చూస్తే గానీ మా జీపు గురించి నేను ఆలోచించలేదు.

నందవరం అవతల ఒక పల్లె నుంచి కబురొచ్చింది. సుంకమ్మ అనే ఇరవయ్యేళ్ల అమ్మాయికి తొలికాన్పు, రెండు రోజులుగా నొప్పులు. నేనూ, మా డ్రైవరు ఎల్లప్పా వెళ్లి ఆమెను స్ట్రెచరు మీద వెనక పడుకోబెట్టుకుని బయలుదేరాం. ఊరు దాటి అరమైలు వచ్చామో లేదో, జీపు గట్టెక్కి కూర్చుంది. పట్టపగలు, నెత్తిన ఎండ. చివరికి నలుగురు మగవాళ్లు స్ట్రెచరు భుజాలకెత్తుకుని రెండు మైళ్లు నడిచి తారురోడ్డు చేర్చారు. అక్కడ లారీ దొరికి ఆసుపత్రికి వచ్చేసరికి సుంకమ్మ దక్కింది, బిడ్డ దక్కలేదు. ఆ తర్వాత మూడు వారాలు నేను ఆ ఊరి వైపు పోలేదు. అడిగిన వాళ్లకు పని ఎక్కువగా ఉందని చెప్పేదాన్ని. నిజానికి ఆమె ముఖం చూడటానికి నాకు ధైర్యం లేదు.

ఎల్లప్ప నాకంటే ఎక్కువ కుంగిపోయాడు. ఒక లారీ షెడ్డుకు పోయి రెండు ఇనుప దిమ్మెలు తెచ్చిపెట్టుకున్నాడు. "సిస్టరమ్మా, ఈటిని ఇరుసుకీ కమాన్లకీ మధ్య ఎక్కిస్తే బండి జానెడు లేస్తాది. ఇంక యాడా ఇరుక్కోదు" అన్నాడు. కమాన్లంటే చక్రాల దగ్గర ఒకదాని మీద ఒకటి పేర్చి బిగించిన ఉక్కు పట్టీలు. బండి బరువంతా వాటి మీదే ఉంటుంది. మా డాక్టరమ్మ, "ఆదోనిలో కమాన్లు చేసే ఖాసీం సాబ్ ఉన్నాడట, ఆయన్ను అడగండి. ఒక రోజు బండి లేకపోయినా నేను సర్దుకుంటాను. ఎత్తు ఎంతన్నది మీరిద్దరే తేల్చుకుని రండి" అంది.

పొద్దున ఆరున్నరకు బయలుదేరాం. ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి ముప్పై కిలోమీటర్ల లోపే అయినా, గుంతల వల్ల ఆ రోజుల్లో దాదాపు గంట పట్టేది. దారికి రెండు పక్కలా వేరుశనగ, మధ్యమధ్యలో పూతకొచ్చిన పత్తి. ఆదోని చేరగానే పత్తి మార్కెట్టు దగ్గర ఒక పెద్దామె దుకాణంలో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాం. ఇద్దరికీ కలిపి రెండు రూపాయలు కాలేదు. మా జీపు మీద ఎర్రటి శిలువ గుర్తు చూసి ఆమె, "ఎవురికమ్మా బాలేదు?" అని అడిగింది. "బండికే బాలేదవ్వా" అన్నాడు ఎల్లప్ప. ఆ మూడు వారాల్లో అతను నవ్వడం అదే మొదటిసారి చూశాను.

ఖాసీం సాబ్ షెడ్డు రైల్వే గేటుకు ఇవతల, రేకుల కింద. ఆయనకు అరవై దాటి ఉంటాయి, ముంజేతుల నిండా నిప్పురవ్వల మచ్చలు. ఎల్లప్ప దిమ్మెలు చూపించగానే వాటిని ముట్టుకోను కూడా లేదు. ఒక గోనెసంచి పరుచుకుని జీపు కిందికి దూరాడు. లోపలి నుంచే, "ఇరుక్కున్యాక కడిగినారా దీన్ని?" అని అడిగాడు.

"పైపైన కడిగినాను సాబ్. కింద కడగలా" అన్నాడు ఎల్లప్ప.

"మంచి పని చేసినావు."

బయటికొచ్చి మాకు విడమరిచి చెప్పాడు. ఎండిన మట్టి గేరుబాక్సు కింది అడ్డపట్టీ మీద గట్టిగా అంటుకుని ఉంది, వెనక ఇరుసు మీద పెద్దగా లేదు. "ఇరుసు తగిలింటే నేనేం చేసినా లాభం లేదమ్మా. కమాను ఎత్తితే బాడీ లేస్తాది, ఇరుసు లేయదు. ఇరుసు లేయాలంటే టైరు పెద్దది కావాల. మీకు తగిలింది పొట్ట, కాబట్టి నా చేతిలో పనే."

ఎల్లప్ప వెంటనే, "అయితే జానెడు లేపు సాబ్" అన్నాడు.

ఖాసీం సాబ్ నా వైపు తిరిగాడు. "ఈ బండిలో ఎవురు పోతారమ్మా?"

"నేను, ఎల్లప్ప, వెనక రోగి."

"రోగి కూసుంటారా, పండుకుంటారా?"

"పడుకుంటారు. ఎక్కువగా కాన్పు నొప్పుల వాళ్లు."

ఆయన నన్ను షెడ్డులో పక్కనున్న ఇంకో జీపు దగ్గరికి తీసుకెళ్లాడు. రాళ్ల క్వారీ కాంట్రాక్టరుది, బ్రేకుల పని కోసం వచ్చింది. లారీ పట్టీలు వేయించి బాగా ఎత్తు చేయించారు, వెనక ఎక్కాలంటే నాకు స్టూలు కావాల్సివచ్చింది. బ్రేకులు నిన్ననే అయిపోయాయని, పనయ్యాక ఎట్లాగూ ఒకసారి తోలి చూసుకోవాలని చెప్పి, "ఎక్కి పండుకో తల్లీ. మార్కెట్టు ఎనక బండ్లబాట ఉంది, మీవోడు తోల్తాడు" అన్నాడు. నాకు సిగ్గేసింది. చీర సర్దుకుని, మా స్ట్రెచరు వేయించుకుని పడుకున్నాను.

నాలుగేళ్లుగా ఎంతోమందిని జీపు వెనక పడుకోబెట్టాను. వాళ్ల పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని, ఓర్చుకోమని చెప్పాను. నేను పడుకోవడం అదే మొదటిసారి. తారురోడ్డు మీద పర్వాలేదనిపించింది. బండ్లబాట ఎక్కగానే నా వెన్ను ఎగిరి స్ట్రెచరు మీద పడింది. మళ్లీ ఎగిరింది. పళ్లు టకటకలాడాయి. పట్టుకుందామంటే ఏమీ లేదు, పైన టార్పాలిను తప్ప ఏమీ కనపడదు, తర్వాతి కుదుపు ఎప్పుడొస్తుందో తెలియదు. పక్కకు వాలినప్పుడల్లా బండి పడిపోతుందేమోనని భయమేసింది. నిండు కడుపుతో, నొప్పులతో, సుంకమ్మ ఇట్లాగే కదా పడుకుంది అనుకున్నాను. "ఎల్లప్పా, ఆపు" అని అరిచాను.

దిగి, ఈసారి అతన్ని పడుకోమన్నాను. షెడ్డు పనివాడొకడు తోలాడు. తిరిగొచ్చాక ఎల్లప్ప దిగి చక్రానికి ఆనుకున్నాడు. "నేను ఎప్పుడూ ముందు సీట్లోంచే సూసినా సిస్టరమ్మా" అన్నాడు.

అప్పుడు ఖాసీం సాబ్ మా ముందు మూడు దారులు పెట్టాడు. ఎల్లప్ప తెచ్చిన దిమ్మెలు వేస్తే గంటలో పని అయిపోతుంది, కానీ గుంతల్లో అవి జరిగే ప్రమాదం ఉంది, వెనక మాత్రమే లేచి బండి ముక్కు కిందికి వాలుతుంది. లారీ పట్టీలు వేస్తే ఎత్తు బాగా వస్తుంది, రాళ్లు మోయడానికి బాగుంటాయి, మనుషులకు కాదు. మూడోది మా పాత కమాన్లనే విప్పి, వాలిపోయిన పట్టీలకు మళ్లీ వంపు కొట్టి, ఒక్కోదానికి ఒక పలుచని పట్టీ కలపడం. "దీనికి నాలుగేళ్ల ఎత్తు వస్తాది. జానెడు రాదు. మెత్తదనం పోదు" అన్నాడు. ఏళ్లంటే వేళ్లు. నాలుగు వేళ్లు చాలుతాయా అని నేను అడిగాను. "కొలిచినా కదమ్మా. మీ పొట్టకు మట్టి అంటింది మూడేళ్ల మందమే. మిగతాది ఎల్లప్ప చూసుకుంటాడు. ఒక చక్రం గాడిలో, ఒక చక్రం గట్టు మీద పెట్టి తోలితే సరి."

నేను ఎల్లప్ప వైపు చూశాను. ఆ మనిషి మూడు వారాలుగా జానెడు ఎత్తు గురించే మాట్లాడుతున్నాడు. ఇనుప దిమ్మెలు రెండూ తీసి షెడ్డు మూలకు పెట్టి, "నాలుగేళ్లే చెయ్యి సాబ్" అన్నాడు.

తొమ్మిదిన్నరకు మొదలైన పని మూడున్నరకు అయింది. పట్టీలన్నీ విడదీసి, ఒక్కొక్కదాన్ని కమ్మరి దాగలి మీద పెట్టి సుత్తితో వంపు కొడుతుంటే, ఆ చప్పుడుకు పక్కవాళ్లతో మాట్లాడటం కూడా కుదరలేదు. మధ్యాహ్నం ఖాసీం సాబ్ ఇంటి నుంచి జొన్నరొట్టె, పుంటికూర పప్పు వచ్చాయి. వద్దంటే ఆయన ఒప్పుకోలేదు. "నా కోడలు కాన్పుకు ఇట్లాంటి బండిలోనే పోయింది తల్లీ. ఏమీ కాలేదు, మనవడు బాగున్నాడు. కానీ ఆ పొద్దు ఆ పిల్ల ఏడుపు నేను ముందు కూసొని ఇన్యాను. అప్పట్నించి అందరినీ పండుకోబెట్టి సూస్తాండాను" అన్నాడు. మొత్తం కూలి, సామాను కలిపి నూట అరవై రూపాయలు తీసుకున్నాడు. ఇప్పటి ధరలకు ఆ లెక్క పనికిరాదు గానీ, సగం రోజు పని అన్నది మాత్రం ఇప్పటికీ నిజమే.

ఎమ్మిగనూరు చేరేసరికి నాలుగున్నర దాటింది. ఆసుపత్రి వైపు తిప్పబోతున్న ఎల్లప్పతో, "నందవరం వైపు పోదాం" అన్నాను. అతను బండి అటు తిప్పాడు. మేము ఇరుక్కున్న చోటికి వచ్చేసరికి ఇంకా వెలుతురుంది. ఒక చక్రం గట్టు మీదికి ఎక్కించి మెల్లగా తోలాడు. కింద ఏదీ రాసుకున్న చప్పుడు రాలేదు.

సుంకమ్మ ఇంటి ముందు ఆమె అత్త కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి నిలబడింది. లోపల సుంకమ్మ దుప్పటి కప్పుకుని వణుకుతోంది. ఒళ్లు కాలిపోతోంది, పాలు గడ్డకట్టి ఒక రొమ్ము ఎర్రగా వాచిపోయింది. నాలుగు రోజులైందట.

"నాకు ఎందుకు కబురు పెట్టలేదమ్మా?" అన్నాను.

"బిడ్డ పోయినాది కదా, ఇంక మీరు మాకాడికి ఎందుకొస్తారులే అనుకుంటిమి" అంది అత్త. ఆ మాటలో కోపం లేదు. ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

సుంకమ్మ దగ్గర కూర్చుని, "నేను ముందే రావాల్సింది. భయపడి రాలేదు" అని చెప్పాను. ఆమె నా వైపు చూసి, "ఇప్పుడు వచ్చినావు కదక్కా" అంది. అంతే. ఆమెను స్ట్రెచరు మీద జీపులో పడుకోబెట్టాం. అదే బాట, అవే గాడులు. ఎల్లప్ప ఎద్దులబండి తోలినంత నిదానంగా తోలాడు. తారురోడ్డు ఇంకా రాకముందే, సుంకమ్మ మాట్లాడటం లేదేమని నేను కంగారుగా వంగి చూశాను. నిద్రపోయింది. ఆ బాట మీద ఒక రోగి నిద్రపోవడం నేను చూడటం అదే మొదలు. ఆ రాత్రే డాక్టరమ్మ గడ్డ కోసింది. పది రోజులకు సుంకమ్మ కోలుకుని ఇంటికి వెళ్లింది.

ఆ కమాన్లు మాకు ఆరేళ్లు పనిచేశాయి. ఖాసీం సాబ్ ఆ రోజు మమ్మల్ని వారించకుండా, అడిగినట్టే జానెడు ఎత్తు చేసి పంపి ఉంటే, మేము మురిసిపోయి వచ్చేవాళ్లం. ఎన్ని వందల మంది వెన్నులు ఆ తప్పుకు బాధపడేవో నాకు తెలిసేది కూడా కాదు. అడిగిన పని చేసిపెట్టకుండా, ఎవరి కోసమని అడిగిన మనిషికి నేను రుణపడి ఉన్నాను. ఇరుక్కున్న చోటికి మళ్లీ వెళ్లడానికి ధైర్యమిచ్చింది కూడా ఆ నాలుగు వేళ్ల ఎత్తే అనుకుంటాను.

మీరు బండి ఎత్తించుకోబోతుంటే ఒక్క మాట. బరువు పడితే కమాన్లు కుంగుతాయి, కాబట్టి ఖాళీ బండితో ఎత్తు కొలిపించకండి. రోజూ ఎక్కే మనుషులందరినీ, వేసుకెళ్లే సామానంతా ఎక్కించి, అప్పుడు నేలకూ పొట్టకూ మధ్య ఎంత ఖాళీ ఉందో చూడమనండి.