మైసమ్మ తీసుకోని యాట

బాపుకు మాట రావాలని అమ్మ మైసమ్మకు యాటను మొక్కింది. మాట రాలేదు. యాట మాత్రం మా ఇంట్లో బాగా బలిసింది.

బాపు శంషాబాద్ బస్టాండు దగ్గర ఆటో నడిపేవాడు. ఎయిర్‌పోర్టుకు పోయే మనిషితో కిరాయి మాట్లాడుతుంటే ఆ చివర టీ కొట్టు దాకా వినిపించేది. పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది. కొన్నాళ్ళకు కాలు ఈడుస్తూ నడవగలిగాడు గానీ నోరు మాత్రం పెగల్లేదు. అన్నం కావాలన్నా ‘ఆ’, ఫ్యాను వేయమన్నా ‘ఆ’, నా మీద కోపమొచ్చినా ‘ఆ’. ఇక ఎక్కువ ఆశ పెట్టుకోవద్దని దవాఖానలో డాక్టరు మర్యాదగానే చెప్పాడు.

అమ్మ ఆశ పెట్టుకుంది. రావిర్యాలలో మా మేనమామకు మేకలున్నాయి. ఆయన దగ్గర నుంచి ఒక మేకపిల్లను తెచ్చి, నుదుట పసుపు పెట్టి, ‘బోనాల నాటికి ఈయన మాట్లాడితే ఇది నీకే తల్లీ’ అంది. దాన్ని మేపింది బాపే. ఎడమ చేత్తో తాడు పట్టుకుని, అమ్ముడుపోని ప్లాట్లలో గడ్డి ఉన్న చోటల్లా తిప్పేవాడు. కాలనీలో అది తినని గులాబీ మొక్క లేదు. జనం దెబ్బలాటకు వచ్చేవాళ్ళు. బాపు ‘ఆ’ అనేవాడు. మాటలు లేని మనిషితో ఎంతసేపని పోట్లాడతారు, వెళ్ళిపోయేవాళ్ళు.

నేను ఎయిర్‌పోర్టులో కాఫీ కౌంటర్లో పని చేస్తాను. ఏ షిఫ్టుకు పోయినా, బస్సు మైసమ్మ గుడి దాటేటప్పుడు దండం పెట్టుకునేదాన్ని. బోనాలు దగ్గరపడ్డాయి, బాపు నోట ఇంకో అక్షరం రాలేదు. దండం మానేశాను. అలిగాననుకోండి. దేవుడి మీద అలిగితే బతిమాలడానికి ఎవరూ రారు.

బోనాల ముందు రోజు అమ్మ కొత్త కుండకు సున్నం పూస్తూ కూర్చుంది. యాటను కూడా తీసుకుపోతానంది. నాకు ఒళ్ళు మండింది.

“మాట రాలేదు కదనే. ఆటో కదలనే లేదు, కిరాయి ఎవరిస్తరు?”

“దిగినంక ఇచ్చేది కిరాయి. అమ్మకు కిరాయి ఇస్తమా బిడ్డా?” అంది తల ఎత్తకుండా. “మీ బాపు పడ్డకాన్నుంచి ఆమెను నమ్ముకునే ఇంత తింటున్న, పంటున్న. ఇగ నమ్ముడు బంద్ చేస్తే నేను ఎటు పోవాలె చెప్పు.”

బాపు గుమ్మంలో కూర్చుని యాట వీపు నిమురుతున్నాడు.

మరునాడు ముగ్గురం గుడికి వెళ్ళాం. అమ్మ తల మీద బోనం, బాపు చేతిలో తాడు. నేను మొహం ముడుచుకుని వెనక నడిచాను. మా దగ్గర యాట మీద పసుపు నీళ్ళు చల్లుతారు. అది ఒళ్ళు విదిలిస్తే అమ్మవారు ఒప్పుకున్నట్టు. అప్పటిదాకా కత్తి ఎత్తరు.

గుడి చూసుకునే పెద్దాయన నీళ్ళు చల్లాడు. యాట కదలలేదు. మళ్ళీ చల్లాడు, చెవుల్లో పోశాడు. అది అమ్మ కిందికి దించిన బోనానికి కట్టిన వేపాకు అందుకుని నములుతూ నిలబడింది. వెనక వరసలో ఉన్నవాళ్ళు “జర జల్ది కానియ్యుండ్రి” అని గొణుగుతున్నారు. ఇంకో చెంబు నీళ్ళు పోసి, కాసేపు చూసి, పెద్దాయన చెంబు కింద పెట్టేశాడు.

“అమ్మ వద్దంటున్నదక్కా. ఇంటికి తోలుకపోండ్రి.”

అడిగింది ఇవ్వలేదు, ఇస్తే తీసుకోలేదు, ఇదేం దేవత అనుకుంటూ బాపు వైపు తిరిగాను. బాపు మోకాళ్ళ మీద కూలబడి, తడిసిన ఆ యాట మెడ చుట్టూ ఎడమ చెయ్యి వేసి ఏడుస్తున్నాడు. అది సంతోషమని చూడగానే తెలిసింది. నాకూ ఏడుపు ఆగలేదు.

దాన్ని వదులుకోవడం ఆయనకు ఎంత కష్టమో అమ్మా ఆలోచించలేదు, నేనూ ఆలోచించలేదు. మొక్కు గురించి ఇంట్లో ఇంత వాదన జరిగితే, దాన్ని ఉంచండని చెప్పడానికి ఆయనకు మాట లేదు. రాత్రింబవళ్ళు ఆయన పక్కనే ఉండి కూడా మాకు అర్థం కాలేదు.

బాపుకు ఇప్పటికీ మాట రాలేదు. వస్తుందని నాకెవరూ చెప్పలేదు. యాట ముసలిదైంది. నేను మాత్రం మళ్ళీ దండం పెట్టుకుంటున్నాను, కోపం పూర్తిగా పోకపోయినా. ఒక్కసారి బాపు నన్ను ‘బిడ్డా’ అని పిలిస్తే చాలని అడుగుతున్నాను. మాకు వినబడని ఆయన గోడు మైసమ్మకు వినబడింది. నాదీ వినబడే ఉంటుంది, ఇవ్వకపోయినా.