పిడికెడు గింజల బోర్డింగు

మేం చదువుకున్న మిషన్ బాలుర బోర్డింగు చరిత్ర పుస్తకంగా వేస్తున్నామని, నన్నూ నాలుగు మధుర స్మృతులు రాయమని ఇప్పటి హెడ్మాస్టరు మొన్న ఫోన్ చేశారు. కట్టించిన దొరల పేర్లన్నీ ఆయన దగ్గరే ఉన్నాయట. నాకు మాత్రం గుర్తొచ్చింది, ఓ ఏడాదంతా తిన్న రంగు తెలియని సంగటి.

మైదుకూరు రోడ్డు పక్కన నాపరాళ్లు పరిచిన పొడవాటి కొట్టం మా బోర్డింగు. చుట్టుపక్కల పల్లెల్లో చర్చికి వెళ్లే ఆడవాళ్లు, ఎసరు పెట్టినప్పుడల్లా పిడికెడు గింజలు తీసి వేరే కుండలో వేసేవారు. ఆదివారం ఆ గింజలు చర్చికి, అక్కణ్ణుంచి ఎద్దుల బండి మీద మా వంటశాలకు చేరేవి. నేను ఎనిమిదిలో ఉండగా వానలు మొహం చాటేశాయి. ఒక సాయంత్రం ప్రార్థన కాగానే వార్డెనయ్య, "గింజలు అయిపోతాండాయి నాయనా. వచ్చే ఆదివారం బండి నిండకపోతే బోర్డింగు మూసేయాల్సిందే" అన్నారు. ఇంటికి పోతే నాకు మిగిలేది ఊరి ఆసామి గొర్రెలు, చేతికో కట్టె. ఆ వారం చేసినన్ని ప్రార్థనలు నేను పరీక్షలప్పుడు కూడా చేయలేదు.

వార్డెనయ్య సైకిలేసుకుని ఊరూరా తిరిగి, ఏ గింజైనా సరేనన్నారు. ఆదివారం బండి నిండుగానే వచ్చింది. మూటలు విప్పిన వంటాయన నెత్తిన చేయి పెట్టుకున్నాడు. జొన్నలు, కొర్రలు, సజ్జలు, ఉలవలు, ఎవరింట్లో ఏముంటే అవి, అన్నీ కలిసిపోయి ఉన్నాయి.

"ఇదేందప్పా, జొన్న ఉడికేలోపల కొర్ర అంబలైతాది. యాడని ఏరేది?" అని గొణిగి, చివరికి అంతా మర పట్టించి సంగటి కెలికాడు. చూడ్డానికి సిమెంటు కలిపినట్టుండేది. వంకలు పెడుతూనే మూడో ముద్ద అడిగేవాళ్లం. బోర్డింగు మూతపడలేదు, నా చదువూ ఆగలేదు.

సెలవుల్లో ఇంటికి పోతే, అమ్మ చేటలో ఉన్న కాసిని జొన్నల్లోంచే పిడికెడు తీసి చర్చి గింజల కుండలో వేస్తోంది.

"ఇప్పుడు సెలవులే కదమ్మా" అన్నాను.

"బడి తెరిచినాక ఆ పిల్లోళ్లంతా ఏం తింటారు నాయనా?" అంది. మాకు రొట్టెలు పెట్టి తాను చెంబెడు నీళ్లు తాగింది. అడిగితే, "నాకు జొన్న పడదులేరా, కడుపు నొస్తాది" అంది. నేను నమ్మాను.

ఉద్యోగం వచ్చాక అమ్మకు సన్నబియ్యం తప్ప పెట్టనివ్వలేదు. ఒకరోజు నా భార్య తనకని చేసుకున్న జొన్నరొట్టెను అమ్మ పాలలో నానబెట్టుకుని, పళ్లు లేని నోటితో ఎంతో ఇష్టంగా తింటూ కనబడింది. ఆమెకు జొన్న పడుతుందని తెలుసుకోవడానికి నాకు ముప్పై ఏళ్లు పట్టింది.