లెక్కలోంచి ఎవరినీ తీయని పెద్దసారు

మా పెద్దసారు పోయారన్న కబురు మండల టీచర్ల వాట్సాప్ గ్రూపులో చూశాను. పైన హాజరు వివరాలు వెంటనే పంపమని ఒక మెసేజి, కింద పుస్తకాల లెక్క పంపమని మరొకటి. మధ్యలో ఆయన. ఎవరో దానికి కూడా బొటనవేలు ఎత్తిన గుర్తు పెట్టారు. ఒళ్లు మండిపోయింది. ఫోన్ బల్ల మీద పడేసి కాసేపు ఏడ్చాను.

తెలంగాణ వచ్చిన కొత్తలో, రామన్నపేట దగ్గరి ఊళ్లో ఆయన హెడ్మాస్టరుగా ఉన్న ప్రాథమిక బడిలోనే నాకు మొదటి ఉద్యోగం. ఇద్దరమే టీచర్లం. ఆయన జేబులో ఎప్పుడూ సుద్దముక్క ఉండేది. ఏ అంగీ చూసినా ఆ జేబు తెల్లబడే ఉండేది. మధ్యాహ్నం పిల్లల వరసలోనే కూర్చుని తినేవారు. రంజాన్ నెలలో రోజా ఉండి కూడా అక్కడే కూర్చునేవారు. "పప్పుల ఉప్పు సరిపోయిందో లేదో జర చూడమ్మా, ఇయ్యాల నేను చూడరాదు" అని నాకు పని చెప్పేవారు. నేను చూడకుండానే సరిపోయిందంటే, ముఖం చూసి పట్టేసేవారు.

నా మూడో ఏడు బడులకు గ్రేడ్లు ఇస్తామన్నారు. బయటి నుంచి ఒక అధికారి వచ్చి పిల్లలతో చదివించి, లెక్కలు చేయించి, ఆ మార్కుల సగటును బట్టి బడి ఎట్లా పనిచేస్తోందో తేలుస్తాడు. అప్పటికే మాకు పిల్లలు తక్కువ. గ్రేడ్ కూడా పడిపోతే మా బడిని పెద్దరోడ్డు అవతలి ఊరి బడిలో కలిపేస్తారన్నారు. లారీలు తిరిగే రోడ్డు దాటి చిన్నపిల్లలు ఎట్లా పోతారని ఊరంతా దిగులుపడింది.

మూడో తరగతిలో ఒక పిల్ల ఉండేది. పత్తి ఏరే రోజుల్లో చెల్లెలిని చూసుకోవడానికి ఇంట్లోనే ఆగిపోయేది. చిన్న మాట కూడా కూడబలుక్కుని చదవలేకపోయేది. పరీక్ష ముందు రోజు సాయంత్రం నేనే పక్కకు పిలిచి, "రేపు రాకు బిడ్డా, ఇంటి కాడనే ఉండు" అన్నాను. చుట్టుపక్కల బడుల్లో అందరూ చేసే పనే. చదువు రాని పిల్లలకు సరిగ్గా ఆ రోజే జ్వరం వస్తుంది. ఎందుకు టీచర్ అని ఆ పిల్ల అడగలేదు. తల ఊపి పోయింది.

పొద్దున హాజరు తీస్తూ పెద్దసారు ఆ పేరు దగ్గర ఆగారు. జ్వరమట సార్ అన్నాను.

"అయ్యో, చూసొస్త" అని స్కూటర్ తీశారు. దారిలో జ్వరం గోలీలు కూడా కొన్నారట. తిరిగొచ్చేసరికి వెనక సీటు మీద ఆ పిల్ల. ఆయన గోలీలు తెచ్చి నా బల్ల మీద పెట్టారు.

"పిల్లకు జరమేం లేదమ్మా. భయపడ్డది మనమే" అన్నారు. అంతే. ఆ రోజు నాలుగు తిట్టినా హాయిగా ఉండేది.

అధికారి ముందు ఆ పిల్ల రెండు అక్షరాలు చదివి ఆగిపోయింది. పాపం, ఆయనా మంచివాడే. "ఈ పాప రాలేదని రాసుకోనా సార్?" అని గొంతు తగ్గించి అడిగాడు.

"వచ్చింది గద సార్, వచ్చిందనే రాయున్రి. చదువుడు రాలేదంటె రాలేదనే రాయున్రి. గా కాగితంల ఈ పిల్ల లేకుంటె, ఈమెకు చదువు చెప్పాలని రేపు ఎవలకు యాదికుంటది?"

మాకు అట్టడుగు గ్రేడ్ వచ్చింది. తర్వాతి జూన్‌లో బడిని కలిపేశారు, సారును కూడా ఆ అవతలి బడికే పంపారు. సారు చేజేతులా బడిని ముంచాడని మీటింగులో తోటి హెడ్మాస్టర్లు నవ్వారు. ఆయన రిటైరయ్యేదాకా రోజూ పొద్దున, సాయంత్రం ఆ రోడ్డు దగ్గర నిలబడి పిల్లలను దాటించారు. ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని చదవడం నేర్పారు. ఏడాదికి పైగానే పట్టింది.

నిరుడు భువనగిరిలో ఆయన ఇంటికి పోయినప్పుడు, ఏళ్లుగా అడగలేకపోయిన మాట అడిగేశాను. "సార్, ఆ రోజు మీరు ఆ పిల్లను తీసుకురాకపోతే మన బడి నిలిచేదేమో?"

"నిలుస్తుండెనేమో" అన్నారు. చాయ్ గ్లాసు కింద పెట్టారు. "గని బండి మీద నా అంగీ గట్టిగ పట్టుకొని కూసున్నదమ్మా. దారి పొడుగూత ఒక్క మాట మాట్లాడలె. గేటు కాడ దిగినంక అడిగింది, సార్, నేను లోపలికి రావచ్చునా అని. మూడేండ్ల సంది వస్తున్న బడి అది. గా మాట విన్నంక నాకు గ్రేడ్ ఫికరే పోయింది."

అన్నేళ్లూ ఆ మాట నాకు చెప్పలేదు. నేను తట్టుకోలేనని దాచుకున్నారు. రావద్దన్నది నేనేనని ఆ రోజు భువనగిరిలో ఆయన ముందు ఒప్పుకోగలిగాను గానీ, ఆ పిల్ల ముందు ఇంతవరకూ ఒప్పుకోలేదు.

ఆయనను తలుచుకుంటే ఇప్పుడు ముందుగా ఆ గేటే కనిపిస్తోంది. బార్లా తెరిచే ఉంది. ఎనిమిదేళ్ల పిల్ల చెప్పులు చేతిలో పట్టుకుని బయటే నిలబడి ఉంది.