సారంగపాణి కడుపు కేసు

బీట్ బజార్‌లో గందె సారంగపాణి పంటికి ఉన్న పరపతి కొందరు వకీళ్ల నాలుకకు కూడా లేదు. ముప్పై నాలుగేళ్లుగా ఆయన పప్పుల దళారి. మిల్లు సరుకు దిగగానే బస్తాలోంచి చిటికెడు గింజలు మచ్చు తీసి నోట్లో వేసుకుంటాడు. దుకాణదారు, మిల్లు మనిషి ఇద్దరూ ఊపిరి బిగబట్టి ఆయన దవడ వైపే చూస్తారు. గింజ టక్కున విరిగితే సరుకు ఎండింది. మెత్తగా నలిగితే తేమ ఉంది. నాలుకకు జిడ్డు తగిలితే మెరుపు కోసం నూనె పూశారు. తీర్పు రావడానికి అర నిమిషం పడుతుంది. ఆ తర్వాత అప్పీలు లేదు.

ఇటువంటి వృత్తిలో ఉన్నవాడికి లోకం మీద నమ్మకం మిగలడం కష్టమే. పాల చుక్కను గోటి మీద జార్చి చూడనిదే ఆయన టీ పెట్టనివ్వడు. పుచ్చకాయ ఎర్రగా ఉంటే రంగు ఎక్కించారంటాడు, పాలిపోయి ఉంటే అంటగట్టారంటాడు. పెళ్లి భోజనాల్లో పక్క కుర్చీవాడు ముందు లడ్డూ కొరికేదాకా ఆగి, అతడి ముఖకవళికలు కాసేపు అధ్యయనం చేసి, అప్పుడు తన లడ్డూను పక్కన పెట్టేస్తాడు.

కాబట్టి ఆయన కడుపే ఆయన మీద తిరగబడినప్పుడు సారంగపాణి దాన్ని రోగం అనుకోలేదు. నేరం అనుకున్నాడు. నేరం జరిగిందంటే చేసినవాళ్లు ఎక్కడో ఉండాలి.

పొద్దున బాగానే ఉండేది. మధ్యాహ్నం దాటాక కడుపు ఉబ్బడం మొదలై, దీపాలు పెట్టే వేళకు చొక్కా కింది గుండీ పెట్టుకోనిచ్చేది కాదు. లోపల ఎవరో సామాన్లు జరుపుతున్నట్టు చప్పుళ్లు. రెండు మెట్లు ఎక్కితే ఆయాసం. అద్దంలో మొహం పిండి రాసినట్టు తెల్లగా కనిపించేది. ఇదంతా సరిగ్గా అయిదు నెలల కింద మొదలైంది. అయిదు నెలల కింద ఆ ఇంట్లో కొత్తగా జరిగింది ఒక్కటే. కొడుకు హరీష్ పెళ్లయి, మరిపెడ నుంచి కోడలు సుకన్య వచ్చింది.

సుకన్య ఒక ప్రైవేటు బడిలో ఏడో తరగతికి సైన్సు చెబుతుంది. అత్త లక్ష్మీనర్సమ్మ మోకాళ్లకు విశ్రాంతి కావాలని వంట తనే అందుకుంది. కూరలో నూనె తగ్గించింది. మునగాకు పప్పు, పుట్టగొడుగుల కూర, పాలకూర పెసరపప్పు అంటూ సారంగపాణి పూర్వీకులెవరూ సాక్షి సంతకం పెట్టని వంటకాలు కంచంలోకి తెచ్చింది. ఆమె అందరికీ వడ్డించి తర్వాత తినేది. అది అనుమానాస్పదం. ఒకరోజు బడికి తొందరై ముందు తినేసింది. అది ఇంకా అనుమానాస్పదం.

ఒక సాయంత్రం ఆమె హాల్లో పిల్లల నోటుపుస్తకాలు దిద్దుతుంటే సారంగపాణి పక్క నుంచి చూశాడు. నలభై మంది పిల్లలు నలభై జీర్ణవ్యవస్థలు గీశారు. ఒకరి పేగులు జంతికల్లా ఉన్నాయి, ఒకరి కాలేయం కడుపు కింద వేలాడుతోంది. సుకన్య ఎర్ర పెన్నుతో దాన్ని చుట్టి, బాణం గీసి, పైకి పంపించింది. ఆ బాణం చూసి ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు. మనిషి లోపల ఏది ఎక్కడ ఉందో ఇంత కచ్చితంగా తెలిసిన వ్యక్తి చేతి కూడు తను రోజుకు రెండు పూటలా తింటున్నాడు.

మర్నాడు పాండురంగం దుకాణంలో టీ తాగుతూ నోరు జారాడు. పాండురంగం ఆయన చిన్ననాటి స్నేహితుడు, పైగా బజారులో అందరికంటే వెడల్పైన దుకాణం, అందరికంటే వదులైన నోరు ఉన్నవాడు.

"కోడలు వచ్చిన కాడి నుంచి నా కడుపు ఆగమైతాంది రంగం. ఏం కలుపుతాందో ఏమో."

"నేను ఎవలకు చెప్త?" అన్నాడు పాండురంగం. సాయంత్రానికి బజారంతా తెలిసింది.

ఆ తర్వాత సారంగపాణి వరండాలో ఒంటి పొయ్యి పెట్టించుకున్నాడు. తన బియ్యం తను కడుక్కొని, తన అన్నం తను వండుకొని, పచ్చిపులుసుతో పది రోజులు తిన్నాడు. తిన్న వెంటనే చిక్కటి టీ రెండు గ్లాసులు, అది కూడా తనే కాచుకున్నది. కడుపు ఉబ్బుతూనే ఉంది. మామూలు బుర్ర అయితే ఇక్కడ కోడలు నిర్దోషి అని తేల్చేది. సారంగపాణి బుర్ర ఉప్పు డబ్బాను పట్టుకుంది. ఉప్పు మాత్రం ఇంకా వంటగదిదే కదా. కొత్త ఉప్పు పాకెట్టు తెచ్చి, బీరువాలో పెట్టి తాళం వేశాడు.

ఆ తాళం సుకన్య చూసింది.

ఆమె అరవలేదు, ఏడవలేదు. అత్త దగ్గరకు వెళ్లి, "అత్తమ్మా, వంట మంచిగ లేదంటె నేర్చుకుంట. మనిషే మంచిది కాదంటె ఏం నేర్చుకోవాలె?" అంది. వారం తిరక్కుండా హరీష్ సుబేదారిలో రెండు గదుల ఇల్లు చూసి వచ్చాడు. ఆదివారం పొద్దున సామాన్ల ట్రాలీ వస్తుందని తండ్రికి కాక గోడకు చెప్పాడు.

లక్ష్మీనర్సమ్మ మొగుడితో మాట్లాడడం మానేసింది. మానేసే ముందు ఒక్క మాట చెప్పింది. "ఒక్క ఇల్లు, ఒక్క పొయ్యి అని ముప్పై ఏండ్లు మోసిన. కొడుకు పోతాండు, కోడలు పోతాంది. మీ ఉప్పు మీ తాన భద్రంగ ఉన్నది. సంబురమేనా?"

సంబరం కాదు. కొడుకు లేని ఇంటిని తలుచుకుంటే ఆయనకు కడుపుకు పైన ఎక్కడో నొప్పి పుట్టింది. ఆ నొప్పిని కూడా కాసేపు అనుమానించాడు. అయితే నేరస్థురాలిని ఉత్తపుణ్యానికి ఉండమని బతిమాలే అలవాటు ఆయన వంశంలో లేదు. ముందు రుజువు కావాలి. అందుకని గురువారం హనుమకొండలో మౌనిక అనే డాక్టరమ్మ దగ్గరకు వెళ్లాడు.

"మందులు వద్దమ్మా. నాకు ఎవలో ఏందో కలిపి పెడ్తున్నరని ఒక కాయితం రాసియ్యి, చాలు."

డాక్టరమ్మ ఆయన కనురెప్ప కిందికి లాగి చూసి, రక్తానికీ మలానికీ పరీక్షలు రాసింది. రెండో పరీక్ష పేరు విని సారంగపాణి కొంచెం బిగుసుకున్నాడు. అయినా లోకానికి ఇన్నేళ్లుగా మచ్చు చూసినవాడు తన మచ్చు ఇవ్వనంటే ధర్మం కాదని, మర్నాడు పొద్దున్నే గంభీరంగా డబ్బీ తీసుకెళ్లి ఇచ్చాడు.

సాయంత్రానికి రిపోర్టు చేతికొచ్చింది. డాక్టరమ్మ మాత్రం ఊళ్లో లేదు, సోమవారం గానీ రాదు. ట్రాలీ ఆదివారం వస్తుంది. రిపోర్టు ఇంగ్లీషులో ఉంది. హరీష్ డ్యూటీ నుంచి రాలేదు. లక్ష్మీనర్సమ్మకు ఇంగ్లీషు రాదు, వచ్చినా చెప్పదు. ఇంట్లో ఆ కాగితం చదవగలిగిన మనిషి ఒక్కరే ఉన్నారు. ఆమే ముద్దాయి.

సుకన్య అట్టపెట్టెలో పుస్తకాలు సర్దుతోంది. సారంగపాణి గుమ్మం దగ్గర నిలబడి కాగితం చాపాడు.

"ఉన్నది ఉన్నట్టు చదువు. ఒక్క ముక్క ఇడిసిపెట్టొద్దు."

ఆమె కాగితం అందుకుంది. "రక్తం తొమ్మిది ఉన్నది మామయ్యా. మీకు పదమూడన్న ఉండాలె." రెండో పేజీ తిప్పి ఆగింది. ఇంకోసారి చదివింది. "మీరు పచ్చి గింజలు తింటాన్రా?"

"నేనా? నేనేమన్న ఎద్దునా?"

"ఇండ్ల పచ్చి పిండి రేణువులు మస్తున్నయని రాసిన్రు. అరగని పప్పు తునకలు కూడ. ఉడికినయి గిట్ల బయటికి రావు."

సారంగపాణి కాగితం వెనక్కి లాక్కుని, తనకు రాని భాష వైపు కఠినంగా చూశాడు. ఎవరైనా దిద్దారేమోనని వెలుతురుకు పెట్టి చూశాడు. దిద్దుబాటు లేదు. అప్పుడు లోపలి గదిలోంచి, మాట్లాడనని ఒట్టు పెట్టుకున్న లక్ష్మీనర్సమ్మ గొంతు వినిపించింది.

"మచ్చు చూసి మింగుతడు కదనే. దినాం నలభై దుకాన్లు."

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మిగతా దళారులు గింజ కొరికి, పక్కకు ఉమ్మేస్తారు. గందె వారి ఇంట్లో ఆ పద్ధతి లేదు. ఇరవయ్యో ఏట సారంగపాణిని బజారుకు తెచ్చిన రోజునే తండ్రి చెప్పాడు, నోట్లోకి తీసుకున్న గింజ లక్ష్మి అని, దాన్ని మట్టిలో ఉమ్మరాదని. ఆనాటి నుంచి ఆయన ఒక్క గింజ ఉమ్మలేదు. అది తిండి అని కూడా ఎన్నడూ అనుకోలేదు. అది వ్యాపారం.

"అది తినుడు కాదు, చూసుడు" అన్నాడు.

"మీకు చూసుడే మామయ్యా. కడుపుకు ఎట్ల తెలుస్తది?" సుకన్య పెట్టెలోంచి ఒక నోటుపుస్తకం తీసి బొమ్మ ఉన్న పేజీ తెరిచింది. "అరుగుడు ఈడ నోట్లనే మొదలైతది. పండ్లు నలగ్గొట్టాలె, ఉమ్మి కలవాలె. కడుపుల పులుపు నీళ్లు కలుస్తయి. ఈ చిన్నపేగు ఇరవై అడుగులుంటది, అసలు పని అంత దీంట్లనే. మంచిగ ఉడికినదైతె ఈడ అరిగి రక్తంలకు పోతది. పచ్చిది సగం అరగకుంట పెద్దపేగులకు వస్తది. ఆడుండే సూక్ష్మజీవులు దాన్ని పులియబెడ్తయి. గ్యాసు అంత ఆ పులుపే."

"ముప్పై నాలుగేండ్ల సంది మింగుతాన్న. అప్పుడు లేని గ్యాసు ఇప్పుడేంది?" ఆయన గొంతులో, సాక్షిని ఇరికించిన వకీలు గెలుపు కొంచెం ధ్వనించింది.

సుకన్య ఆయన లోపలికి పోయిన బుగ్గల వైపు చూసింది. "దవడ పండ్లు ఎప్పుడు తీపిచ్చుకున్నరు?"

జవాబు మళ్లీ లోపలి గదిలోంచే వచ్చింది. "మీ పెండ్లికి వారం ముంగట. రెండు దిక్కుల."

సారంగపాణి నాలుక తనంతట తానే వెళ్లి ఆ ఖాళీ జాగాలను తడిమి చూసింది. ముందుపళ్లతో టక్కున కొరికి, నమలడానికి పళ్లు లేక, పలుకులు పలుకులుగానే మింగుతున్నాడు. అయిదు నెలలుగా. తను లోకంలో అన్నిటినీ పరీక్షించాడు, తన నోటిని తప్ప.

"మరి రక్తం?" అన్నాడు, చివరి ఆశగా.

"పచ్చి పప్పుల ఉండే కొన్ని పదార్థాలు ఇనుమును పట్టుకొని కూసుంటయి, ఒంటికి దక్కనియ్యవు. బువ్వ తిన్నంక చాయ తాగితె అది గూడ గంతే. ఆకుకూర తిని, మీద జర నిమ్మకాయ పిండుకుంటె ఇనుము మంచిగ పడ్తది. మీరు ఆ ఆకుకూరనే బంద్ పెట్టిన్రు." ఆమె పుస్తకం మూసి పెట్టెలో పెట్టింది. "నేను చెప్తె నమ్మకున్రి. సోమవారం డాక్టరమ్మను అడుగున్రి. అప్పటికి మేం పోతం."

పెట్టె మీద టేపు చరచరా అంటించింది.

శనివారం ఆయన ఎప్పటిలాగే బజారుకు వెళ్లాడు. పాండురంగం దుకాణం ముందు కందిపప్పు బస్తాలు దిగుతున్నాయి. మిల్లు మనిషి, ఇద్దరు హమాలీలు, పక్క దుకాణాల వాళ్లు నలుగురు ఉన్నారు. సారంగపాణి చిటికెడు పప్పు నోట్లో వేసుకున్నాడు. కొరికాడు. టక్కుమంది, మేలైన సరుకు. మింగబోయి ఆగాడు. తండ్రిని ఒకసారి మనసులో తలుచుకుని, క్షమించమని అడిగి, జేబురుమాల్లోకి ఉమ్మేశాడు.

హమాలీ భుజం మీది బస్తా అక్కడే ఆగింది.

"ఏం సారంగం," అన్నాడు పాండురంగం నెమ్మదిగా. "నా పప్పును ఉమ్మినవా?"

"సరుకు మంచిగనే ఉన్నది."

"ముప్పై నాలుగేండ్లల పుచ్చు గింజను గూడ మింగినోనివి. ఇయ్యాల నా దుకాన్ల ఉమ్మినవంటె అండ్ల ఏమున్నట్టు? చెప్పు. నలుగురున్నరు."

ఆ నలుగురి కళ్లలో ఏముందో సారంగపాణికి బాగా తెలుసు, ఎందుకంటే అది తను పెంచి పోషించిన చూపే. అప్పటికే ఒకతను బస్తాలోకి వంగి వాసన చూస్తున్నాడు. ఇప్పుడు నోరు మూసుకుంటే సాయంత్రానికి పాండురంగం పప్పు ఎవరూ ముట్టరు. నోరు తెరిస్తే తన కడుపు బజారున పడుతుంది.

"నాకు దవడ పండ్లు లెవ్వు" అన్నాడు. "పచ్చి గింజలు నమలకుంట మింగి మింగి కడుపు ఖరాబైంది. రిపోర్టుల రాసిన్రు."

"మరి నీ కోడలు కలుపుతాందంటివి?"

"కలపలే." తీర్పు చెప్పే గొంతుతోనే, బజారంతా వినేలా అన్నాడు. "పిల్లది సక్కదనంగ వండింది. తప్పు నాది."

పాండురంగం నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "ఓరి నీ పాడుగాను. నీ మాట పట్టుకొని నెల సంది మా కోడలు కూర నేను వాసన చూసి తింటాన్న. ఆ పిల్ల నాతోని మాట్లాడ్తలేదు."

సారంగపాణి ఇల్లు చేరేలోపే పాండురంగం భార్య ఫోను లక్ష్మీనర్సమ్మను చేరింది. ఆ సంగతి ఎవరూ ఆయనకు చెప్పలేదు. అట్టపెట్టెలు గోడ పక్కన అలాగే ఉన్నాయి.

ఆదివారం ఎనిమిదింటికి ట్రాలీ వచ్చి గేటు ముందు ఆగింది. హరీష్ స్నానంలో ఉన్నాడు. సారంగపాణి చెప్పులు కూడా వేసుకోకుండా బయటకు వెళ్లి, డ్రైవరుతో ఏదో చెప్పి, బండి వెనక్కి తిప్పించాడు. తిరిగి చూస్తే గుమ్మంలో సుకన్య ఉంది.

"బండిని ఎవలు పొమ్మన్నరు?"

"నేనే. అనుమానం తీరింది. ఇగ ఎందుకు పోవుడు?"

"మీది తీరింది. నాది తీరలే." ఆమె గొంతు పెంచలేదు. "రేపు మోకాలు నొస్తె నా చారు అంటరు. ఎల్లుండి జుట్టు ఊడితె నా పప్పు అంటరు. నేనెట్ల నమ్మాలె?"

సారంగపాణి తన అనుభవమంతా వెతికాడు. ఎదుటివాళ్లను ఎలా నమ్మకూడదో తెలుసు. తనను నమ్మమని ఎలా అడగాలో ఎవరూ నేర్పలేదు. గేటు చువ్వ పట్టుకుని నిలబడ్డాడు.

"మచ్చు సూడు" అన్నాడు చివరికి. "నెల రోజులు. బాగ లేకుంటె నేనే బండి పిలుస్త."

సుకన్య వెంటనే ఒప్పుకోలేదు. లోపలికి వెళ్లింది. ఆయన వెంట నడిచి వంటగది ముందు పీట మీద కూర్చున్నాడు. ఆమె రెండు జొన్నరొట్టెలు, పాలకూర పప్పు, ఒక నిమ్మచెక్క పెట్టిన కంచం ముందుంచి, ఎదురు గోడకు ఆనుకుని, చేతులు కట్టుకుని నిలబడింది. టీ గ్లాసు అందకుండా వెనక్కి జరిపింది.

సారంగపాణి మొదటి ముద్ద పెట్టుకున్నాడు. రెండుసార్లు నమిలి మింగబోయాడు.

"ఇంక నమలున్రి" అంది సుకన్య, ఆయన దవడ మీది నుంచి చూపు తిప్పకుండా.

ఆయన నమిలాడు.